వంటమనిషి టిక్కెట్టు

బంగారయ్య నోట్లో నువ్వుగింజ నానదని రాజ్యానికి పెళ్ళైన వారంలోనే తెలిసింది. తెలిసి కూడా అండమాన్ ప్రయాణం సంగతి అందరికంటే ముందు అతనికే చెప్పింది. మొగుడు కదా అని చెప్పింది. ఆ మొగుడు రేవులో పడవ నడుపుతాడన్న సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

వాళ్ళది పి.గన్నవరం దాటాక గోదావరి పాయ మధ్యలో ఉన్న లంక ఊరు. ఊళ్ళోంచి ఎవరు బయటకు వెళ్ళాలన్నా బంగారయ్య పడవ ఎక్కాల్సిందే. ముప్పై ఏళ్ళుగా అందర్నీ అవతలి ఒడ్డున దింపి, తను మాత్రం ఇవతలికి వచ్చేసి, అన్నం తిని పడుకునే మనిషి అతను. పొద్దున్నే మొదటి పడవలో పాలవాళ్ళకి చెప్పాడు. రెండో పడవలో కాలేజీ పిల్లలకి చెప్పాడు. మధ్యాహ్నం రాజ్యం కొట్టుకి కొత్తిమీరకని వెళ్తే, కొట్టాయన కొత్తిమీర చుడుతూ, సముద్రం మధ్యలో కూరగాయలు దొరుకుతాయా అండి అని అడిగాడు.

రాజ్యం తొమ్మిదేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసి వచ్చింది. వచ్చి రెండేళ్ళయింది. కూతురు శాంతి నర్సింగు పూర్తిచేసి కాకినాడలో ఉద్యోగంలో చేరింది. ఇంటికి స్లాబు పడింది. మిగిలినదాంతో చిన్న చీటీ కడుతూ వచ్చింది రాజ్యం. ఆ చీటీ ఈ సంక్రాంతి వెళ్ళాక చేతికొచ్చింది. పెద్ద మొత్తమేమీ కాదు. ఇద్దరు మనుషులు మద్రాసు దాకా రైల్లో వెళ్ళి, అక్కణ్ణుంచి చవక విమానం ఎక్కి, ఫ్యాను గదిలో నాలుగు రోజులుండి రావడానికి సరిపోతుందని శాంతి ఫోనులో లెక్క చూసి చెప్పింది.

అండమానే ఎందుకని శాంతి అడగలేదు. బంగారయ్యా అడగలేదు. అడిగితే చెప్పేది. కువైట్ మేడం ఒకసారి పిల్లలతో మాల్దీవులకి వెళ్తూ రాజ్యాన్ని కూడా తీసుకెళ్ళింది. అక్కడ సముద్రం అద్దంలా ఉంది. పిల్లలు మోకాళ్ళ లోతులో నిలబడితే వాళ్ళ కాలిగోళ్ళు ఒడ్డు మీదున్న రాజ్యానికి కనపడ్డాయి. రాజ్యం మాత్రం మేడం ఇచ్చిన తెల్ల బూట్లు వేసుకుని, తువ్వాళ్ళు మోస్తూ, చంటిదాన్ని ఎత్తుకుని గొడుగు కింద నిలబడింది. ఐదు రోజులూ అలాగే నిలబడింది. నీళ్ళలోకి దిగమని ఎవరూ అనలేదు. దిగొద్దనీ అనలేదు. ఆవిడకి కాళ్ళుంటాయన్న సంగతే అక్కడెవరికీ తోచలేదు.

అండమాన్‌లోనూ సముద్రం అలాగే ఉంటుందట. కాబట్టి ఆవిడకి కావలసిందల్లా అదే. అలాంటి నీళ్ళలో తన కాళ్ళు పెట్టుకుని, వంట సంగతి తలుచుకోకుండా, నాలుగు రోజులు నిలబడటం. ఇంతకన్నా ఏమీ లేదు.

సాయంత్రానికి సత్యవతి వచ్చింది. బంగారయ్య చెల్లెలు, పక్కవీధిలోనే ఉంటుంది. అరుగెక్కుతూనే మొదలుపెట్టింది.

"లంకలో పుట్టి లంకలో పెరిగేం. డబ్బులిచ్చి ఇంకో లంకకి పోతావేంటి వదినా? ఏటా వరదొస్తే మనిల్లే ద్వీపం గదా. మెట్టు మీద కూర్చుని చూసుకో. టిక్కెట్టు కూడా అక్కర్లేదు."

వరద నీళ్ళలో కాలు పెడితే చీలమండ కూడా కనపడదు. అంతర్వేది వెళ్ళినా సముద్రంలో గోదారి బురదే. ఈ సంగతి సత్యవతికి చెప్పి ప్రయోజనం లేదని రాజ్యానికి తెలుసు. నీళ్ళంటే సత్యవతికి బిందెలో పట్టేవి, కాకపోతే వరదలో వచ్చేవి. అందుకని నవ్వి కాఫీ ఇచ్చింది.

నవ్వడం కూడా తప్పే అయింది. మర్నాడు సత్యవతి మళ్ళీ వచ్చి, తామూ వస్తామంది. వదినా అన్నయ్యా ఒంటరిగా పోతే ఊళ్ళో ఏమనుకుంటారంది. నిన్న వరద నీళ్ళు చూసుకోమన్న మనిషికి రాత్రికి రాత్రే సముద్రం మీద ఇంత మోజెలా పుట్టిందో రాజ్యానికి ఆశ్చర్యం వెయ్యలేదు. ఈ లంకలో ఒకరు అవతలికి వెళ్తున్నారంటే పదిమందికి అవతల పని గుర్తొస్తుంది. సత్యవతి భర్త ప్రకాశరావు అమలాపురం కోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. ఏ మాటన్నా తీర్పు చదివినట్టు చెబుతాడు. ఆయన, నలుగురూ కలిసి వెళ్తే ఖర్చు తగ్గుతుందని తీర్పు చెప్పాడు. ఎలా తగ్గుతుందో చెప్పలేదు. తీర్పులో అవన్నీ ఉండవు కాబోలు.

ఆయన వియ్యంకుడి కుటుంబం చేరింది. రేవులో టీ కొట్టు పెట్టుకున్న రమణబాబు, అతని భార్య, అత్తగారు చేరారు. వారం తిరిగేసరికి పద్నాలుగు మంది. బంగారయ్య ఒక్కొక్క పేరూ ఇంటికి మోసుకొచ్చి, పెళ్ళికి బంతి నిండుతున్నంత సంబరంగా చెప్పేవాడు.

"ఇంతమందిని ఎందుకు పోగేసేరండీ?" అంది రాజ్యం ఒక పూట.

"నేనెక్కడ పోగేసేను? ఆళ్ళే ఎక్కేరు."

పడవ ఎక్కినట్టే చెప్పాడు. అతని లెక్కలో నిజమే. పడవలో చోటుండగా ఎవరినైనా వద్దన్న పాపాన ఎప్పుడూ పోలేదు.

ఇంతమంది అయ్యాక మరి నడిపించేవాడు కావాలి కదా. దొరబాబు దిగాడు. బంగారయ్యకి పినతల్లి కొడుకు. కొత్తపేటలో యాత్రల బస్సులు కడతాడు. కాశీ, రామేశ్వరం, శ్రీశైలం. బస్సు వెనకాల గ్యాసు పొయ్యి, బియ్యం బస్తాలు, గుండిగలు, వాటి మధ్య ఒక వంటమనిషి. ఆ బస్సులో వెళ్ళొచ్చినవాళ్ళని కాశీ ఎలా ఉందని అడిగితే గంగ గురించి ఒక మాట, గుత్తివంకాయ కూర గురించి పది మాటలు చెబుతారు. దొరబాబు గొప్పతనం అది. దేశంలో ఎక్కడికి తీసుకెళ్ళినా మనిషిని ఇంట్లోంచి బయటకు పోనివ్వడు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ బంగారయ్య ఇంటి అరుగు మీద చేరారు. రాజ్యం వంటింట్లో పకోడీలు వేస్తోంది. ఆ ప్రయాణం ఎవరిదో, ఆ చీటీ ఎవరిదో, అరుగు మీద ఎవరికీ గుర్తులేదు. పకోడీలు మాత్రం గుర్తున్నాయి. ఇంకో పళ్ళెం పంపమని సత్యవతి రెండుసార్లు కేకేసింది.

కిటికీలోంచి మాటలన్నీ వినపడుతున్నాయి. ముందు రమణబాబు అత్తగారు అక్కడ ఏ దేవుడున్నాడని అడిగింది. దేవుడు లేనిచోటికి వెళ్తే దాన్ని ఏమని చెప్పుకోవాలో ఆవిడకి తెలియలేదు. మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారట, గుడి కట్టుకోకుండా ఉంటారా అండి అన్నాడు దొరబాబు. ఆవిడ స్థిమితపడింది. తర్వాత తిండి సంగతి వచ్చింది. అక్కడ హోటళ్ళలో ఏ నూనె పోస్తారో అని ఒకరు, అన్నం బిరుసుగా ఉంటుందట అని ఒకరు. గంటసేపు తిండి. సముద్రం మాట ఎత్తినవాడు లేడు.

హోటలు వద్దన్నాడు దొరబాబు. వంటిల్లున్న ఇల్లొకటి అద్దెకి తీసుకుందామన్నాడు. బియ్యం, పప్పులు, కారాలు, ఎండుచేపలు ఇక్కణ్ణుంచే. గ్యాసు పొయ్యి విమానంలో రానివ్వరని ప్రకాశరావు ఎక్కడో చదివాడట, చెప్పాడు. రామేశ్వరం తీసుకెళ్ళేం కదండీ అన్నాడు దొరబాబు. అది బస్సు అని అతనికి ఎవరో గుర్తు చేయాల్సి వచ్చింది.

ఆ తర్వాత గొంతు తగ్గించి, తగ్గించినా అందరికీ వినపడేటట్టు, అసలు మాట చెప్పాడు.

"మన వంటమనిషిని తీసుకెళ్తే ఆయన టిక్కెట్టు దండగండి. ఇంట్లో ఒదినగారు ఉండగా మనకెందుకు? కువైట్‌లో షేకులకి వండి పెట్టిన చెయ్యి. ఆవిడ టిక్కెట్టు మనం తలా కాస్త వేసుకుందాం. ఆవిడకి ఉచితం. అన్నయ్యకి ఆ మేరకి మిగిలినట్టే గదా."

"మంచి మాట," అన్నాడు ప్రకాశరావు.

బంగారయ్య ఏమంటాడా అని రాజ్యం చిల్లుల గరిట పట్టుకుని ఆగింది. నూనెలో పకోడీలు ఎర్రబడ్డాయి, నల్లబడ్డాయి.

"దానికేవుంది, తను ఎలాగూ వండుకోవాలిగా," అన్నాడు బంగారయ్య.

రాజ్యం పొయ్యి కట్టేసింది. మాడిన పకోడీలు పళ్ళెంలో పోసుకుని అరుగు మీదికి వచ్చి, మర్యాదగా దొరబాబు ముందు పెట్టింది.

"మరిదిగారూ, ఒక్క సంగతి అడుగుతానండి. నేను కువైట్ వెళ్ళినప్పుడు ఆళ్ళు నన్ను ముందే అడిగేరు, ఎంతమందికి వండగలవూ అని. నేనూ అడిగేను, సెలవు ఏ రోజని. శుక్రవారం అన్నారు. తొమ్మిదేళ్ళూ ఇచ్చేరండి. మీరు ఏ రోజిస్తారు?"

సిగ్గుపడతారనుకుంది. నిజానికి అందుకే అడిగింది. కానీ సిగ్గుపడాలంటే ముందు మాట అర్థం కావాలి.

"ఆయ్, అడిగింది న్యాయమేనండి," అన్నాడు దొరబాబు. "మొత్తం నాలుగు రోజులే గదా. ఒక రోజంతా అంటే కష్టం. ఒక పూట చూద్దాం."

"సాయంత్రం పూట బాగుంటుంది," అన్నాడు ప్రకాశరావు. "మధ్యాహ్నమే పులిహోర కలిపి పెట్టేస్తే ఆవిడకీ శ్రమ ఉండదు."

"తొమ్మిదేళ్ళు మా అన్నయ్యకి క్యారేజీ నేను పంపేను. నేనేం సెలవడిగేనా?" అంది సత్యవతి.

రాజ్యం సత్యవతి వైపు తిరిగింది. "లేదు, అడగలేదమ్మా. ఆ క్యారేజీ గురించి ఊళ్ళో ప్రతి మనిషికీ చెప్పుకున్నావు, నీకదే జీతం. నేను వండినది ఎవరికీ చెప్పుకోను. అందుకని సెలవడిగేను."

తర్వాత అందరికీ వినపడేలా, గొంతు పెంచకుండా, తను వాళ్ళతో రావడం లేదని చెప్పింది. అందరూ సుఖంగా వెళ్ళి రమ్మంది. వంటకి ఇంకో మనిషిని చూసుకోమంది. పళ్ళెం అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ గుంపు చెదిరిపోవడానికి రెండు రోజులు పట్టింది, అంతే. రమణబాబు అత్తగారికి నీళ్ళ గండం ఉందని జాతకంలో బయటపడింది. డెబ్భై ఏళ్ళు గోదారి మధ్యలో కాపరం ఉన్న మనిషికి. వియ్యంకుడి ఇంట్లో గేదె ఈనబోతోంది. ప్రకాశరావుకి విమానంలో చెవులు నొప్పెడతాయని డాక్టరు చెప్పాడట, ఆయన ఇంతవరకు విమానం ఎక్కలేదు. దొరబాబు ఎండలు ముదరకముందే శ్రీశైలం బస్సు వేసుకున్నాడు. పద్నాలుగు మంది మనసుపడ్డ సముద్రం తన చేపల పులుసు గిన్నెలోనే ఉందని రాజ్యానికి అర్థమైంది. సత్యవతి మాట్లాడటం మానేసింది. అండమాన్ వెళ్ళకముందే రాజ్యానికి కాస్త విశ్రాంతి దొరికింది.

బంగారయ్యకి మాత్రం నలుగురిలో తల కొట్టేసినట్టయింది. పడవలో ఎవరూ ఏమీ అడగడం లేదు. అతనికి అంతకన్నా శిక్ష లేదు. రెండు రోజులు ఓర్చుకుని, మూడోనాడు అన్నం ముందు కూర్చుని అన్నాడు.

"ఎవరూ లేకుండా మనిద్దరం అక్కడ ఏం చేస్తాం? ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటూ కూర్చుంటామా?"

"నా మొహం చూడక్కర్లేదండి. నీళ్ళు చూడండి. టిక్కెట్లు శాంతి తీసేసింది, రెండూ. మీరు రాకపోతే ఒక సీటు ఖాళీ. నేను కాళ్ళు జాపుకుంటాను."

అతను మజ్జిగ పోసుకోకుండానే లేచాడు. తొమ్మిదేళ్ళు విమానాల మీద ఒంటరిగా తిరిగిన మనిషి అన్నంత పనీ చేస్తుందని అతనికి తెలుసు. మర్నాడు పడవ ఎవరికి అప్పగించాలో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ప్రయాణం రేపనగా రాజ్యం తన సంచి సర్దుకుని, అతని సంచి ఎత్తి చూసింది. బరువుగా ఉంది. నాలుగు చొక్కాలకి ఇంత బరువేమిటని తెరిస్తే, లుంగీలో చుట్టిన కరెంటు కుక్కరు. కువైట్‌నుంచి తనే తెచ్చింది. దాని లోపల బియ్యం మూట, ఆవకాయ సీసా.

దాన్ని అరుగు మీదికి తెచ్చి, పడవ తాడు చుట్టుకుంటున్న అతని ముందు పెట్టింది.

"ఇదెవరు మోస్తారండీ?"

"నేనే."

"ఎవరు వండుతారు?"

అతను తాడు వైపు చూశాడు. మళ్ళీ కుక్కరు వైపు చూశాడు. ముప్పై ఏళ్ళలో అతన్ని ఎవరూ అడగని ప్రశ్న.

"నేనైతే వండనండి. అక్కడ ఇడ్లీ దొరికితే ఇడ్లీ, రొట్టె దొరికితే రొట్టె తింటాను. మీకు అన్నమే కావాలంటే పట్టుకెళ్ళండి. కానీ వండటం వచ్చో రాదో ఇక్కడే చూసుకుని ఎక్కండి. అంత దూరం వెళ్ళాక నా మొహం చూడొద్దు."

అంది గానీ, ఊరుకుంటాడనుకుంది. కోపంగా రేవుకి పోతాడనుకుంది. అతను కుక్కరు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. గ్లాసు ఎక్కడుందని అడిగాడు. బియ్యం కడగాలా అని అడిగాడు. రాజ్యం అరుగు మీంచి లేవలేదు.

"నీళ్ళెన్ని పొయ్యాలి?" అని లోపల్నుంచి కేక.

"గోదారి మధ్యలో బతుకుతున్నారు. నీళ్ళ సంగతి మీకే తెలియాలి."

గోదారంతా పోసినట్టున్నాడు. పళ్ళెంలో వచ్చింది అన్నం కాదు, పసిపిల్లలకి పెట్టే గుజ్జు. పక్కన ఆవకాయ. పళ్ళెం ఆవిడ చేతికిచ్చి, మబ్బు పట్టినప్పుడు ఆకాశం వైపు చూసినట్టు ఆవిడ మొహంలోకి చూస్తూ గుమ్మంలో నిలబడ్డాడు.

రాజ్యం ఒక ముద్ద కలుపుకుని తింది.

"కువైట్‌లో ఇలా వండితే మొదటిరోజే ఇంటికి పంపేసేవారండి."

"పోనీ పారబోస్తాను, ఇలా ఇవ్వు."

ఆవిడ పళ్ళెం అవతలికి జరుపుకుంది. ఆకలి లేకపోయినా తింది. అడుగున అంటుకున్నది కూడా వేలితో తీసుకుని తింది.

"ఇంకాస్త ఉంటే పెట్టండి," అంది. "నీళ్ళు మాత్రం రేపట్నుంచి తగ్గించి పొయ్యండి."