వయసు మళ్లించే మాత్రలు

ఆ ఆకు వలకు చిక్కకుండా మళ్లీ తప్పించుకుంది. ఈతకొలను కాపలాదారు విజిల్ మావయ్య గట్టు మీద ఒక మోకాలు ఆనించి, పొడవాటి గడ చివరనున్న వలను నీళ్ల మీద మెల్లగా జరిపాడు. నిద్రపోయే పిల్లకు దుప్పటి కప్పినంత మెల్లగా జరిపితేగాని ఆకు దొరకదు. తొందరపడితే చిన్న అల పుట్టి దాన్ని ఇంకా అవతలికి తోసేస్తుంది. ఈసారి దొరికింది. దాన్ని పూలకుండీలో వేసి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, చొక్కా జేబులోంచి మాత్రలు తీశాడు. పసుపుది ఒకటి, ఆకుపచ్చది ఒకటి, చేపనూనె నింపిన గోలీలాంటిది ఇంకొకటి. అన్నీ ఒకేసారి నోట్లో వేసుకుని చన్నీళ్లు తాగాడు.

పరగడుపున వేసుకుంటేనే పనిచేస్తాయట. కండల మాస్టారు చెప్పాడు. కండల మాస్టారంటే ఈతకొలను పైఅంతస్తులో జిమ్ము నడిపే మనిషి. అతని మెడ ఎక్కడ ఆగుతుందో, భుజం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. "అన్నా, ఇవి మూణ్ణెల్లు వాడు. మీ ఆవిడే నిన్ను గుర్తుపట్టదు" అన్నాడు. భార్య తనను గుర్తుపట్టకపోవడం అంత మంచి విషయమేనా అని విజిల్ మావయ్యకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది గాని, అప్పటికే సీసాలు చేతిలోకి వచ్చేశాయి.

మాత్రలతో ఆగలేదు. టీ మానేశాడు. పొద్దున టిఫిను మానేశాడు. చీకటి పడ్డాక ఏదీ ముట్టకూడదని మాస్టారు అన్నాడని రాత్రి భోజనం కూడా మానేశాడు. ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకుంటే ముసలితనం దగ్గరికి రాదని ఎక్కడో విని, రోజూ బాత్రూములో కొంగలా నిలబడుతున్నాడు. కుళాయి పట్టుకోకుండా నిలబడిన రోజు మనసు తేలికగా ఉంటుంది.

ఈ హడావిడి అంతా రెండు నెలల నుంచే. యాభై ఆరేళ్ల వయసులో, రెండు నెలల క్రితం, అతనికి పెళ్లయింది. మొదటి పెళ్లే. చిన్నప్పటి నుంచి నీళ్లలో నానిన వేళ్లు, మందునీళ్లకు ఎర్రబడిన కళ్లు, ఎంత రుద్దినా పోని బ్లీచింగు వాసన. వీటిని చూసి ఎవరొస్తారులే అని అతను ఆ ఊసే వదిలేశాడు. వాళ్ల అక్క వదల్లేదు. ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ చేసే ఒకావిడ దగ్గరికి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. నవ్వితే కళ్లు రెండూ మూసుకుపోయే మనిషి ఆవిడ. ఆ రోజు అతన్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మునిగిపోయేవాళ్లని మీరు నిజంగా బయటికి తీస్తారా?"

తీస్తానన్నాడు. ఆవిడ కళ్లు మూసుకుని నవ్వింది.

ఒంటరిగా ఉన్నన్నాళ్లూ తన వయసు అతనికి పట్టలేదు. ఇప్పుడు ఇంటికి వెళ్తే గుమ్మంలో లైటు వెలుగుతూ ఉంటుంది. అద్దం మీద బొట్టుబిళ్ల అంటించి ఉంటుంది. దండెం మీద తన తువ్వాలు పక్కన ఇంకో తువ్వాలు ఆరుతుంటుంది. దాన్ని చూసినప్పుడల్లా, పంక్తిలో ఆఖరున కూర్చున్నవాడికి వడ్డన తన దాకా రాకుండానే ఆగిపోతుందేమోనని పట్టుకునే బెంగ అతన్ని పట్టుకునేది.

పైగా ఇవాళ పరీక్ష. యాభై ఐదు దాటిన కాపలాదార్లు ఏటా లోతువైపు అడుగున పడేసిన ఇటుకను ఒక్క ఊపిరిలో పైకి తేవాలి. రెండు అవకాశాలిస్తారు. తేలేకపోతే చెప్పుల కౌంటరుకు మార్చేస్తారు. చెప్పుల కౌంటరూ ఉద్యోగమే, నీడపట్టున కూర్చునే పని. కానీ మునిగేవాళ్లను తీస్తానని మాటిచ్చినవాడు చెప్పులు తీసి ఇస్తూ కూర్చుంటే ఆవిడ మొహంలోకి ఎలా చూడటం?

గేటు చప్పుడైంది. చేతికర్ర ఆనించుకుంటూ చేపమ్మ వచ్చింది.

ఆమె ఆసుపత్రిలో నర్సుగా చేసి ఎప్పుడో రిటైరయింది. మోకాళ్లు మొరాయించాక ఇతని దగ్గరే ఈత నేర్చుకుంది. మొదటి రోజుల్లో గట్టు పట్టుకుని వదిలేదే కాదు. "ఊపిరంతా బిగబట్టి కూర్చోకండమ్మా, కొంచెం వదలండి, నీళ్లు మిమ్మల్ని తింటాయా" అని ఇతను బతిమాలేవాడు. ఇప్పుడు ఎనభై మూడేళ్ల ఆ మనిషి నీళ్లలోకి దిగిందంటే అల కూడా లేవదు. తెల్లటి జడపిలక తోకలా వెనకే వస్తుంది. అందుకే ఆ పేరు.

ఆమె ఈదుతుంటే అతను నీళ్లలో క్లోరిను సరిపోయిందో లేదో చూద్దామని గాజుగొట్టం పట్టుకుని వంగాడు. కొలను ఒక్కసారి పక్కకు ఒరిగినట్టయింది. గుండె గొంతులో కొట్టుకుంది. నిచ్చెన కమ్మీ పట్టుకుని అలాగే కూలబడ్డాడు.

కళ్లు తెరిచేసరికి చేపమ్మ నీళ్లలోంచే అతని మణికట్టు పట్టుకుని ఉంది.

"ఏం మింగుతున్నావు?"

"ఏం లేదమ్మా."

"నా దగ్గర అబద్ధమాడే పేషెంట్లందరూ ఇలాగే చెవి గోక్కునేవాళ్లు."

అతను చేతిని చెవి మీంచి తీసేశాడు. చెప్పక తప్పలేదు. ఆమె అంతా విని, "ఆ ఆకుపచ్చదే గుండెని పరిగెత్తిస్తున్నట్టుంది. నీ బీపీ మాత్రకీ దానికీ పడదేమో. ఇక ముట్టుకోకు. ఆ సీసాలు తీసుకెళ్లి డాక్టరుకి చూపించు" అంది.

"మరి వయసు..."

"వయసుకేం? ఒంట్లో ఏదన్నా తక్కువైందని పరీక్షలో తేలితే మాత్ర ఇస్తారు, అది పనిచేస్తుంది. తక్కువ లేకుండా మింగితే ఆ బలమంతా డ్రైనేజీకే. వెనక్కి తిప్పే మందే ఉంటే నర్సులం మేం మింగకుండా నీదాకా రానిచ్చేవాళ్లమా?"

"మీరు మాత్రం రోజురోజుకీ కుర్రతనంలోకి వెళ్తున్నారు కదమ్మా."

"వెళ్లడం లేదు నాయనా. బండి పల్లంలోకే పోతోంది. నేను బ్రేకు మీద కాలేసి కూర్చున్నాను, అంతే. అది ఎంత పట్టిందో కూడా నాకు తెలీదు." ఆమె నీళ్ల మీద వెల్లకిలా తేలుతూ ఆకాశంకేసి చూసింది. "కానీ నెమ్మదిగా పోతుంటే చుట్టూ బాగా కనపడుతుంది."

వెళ్లేముందు మరోసారి నాడి చూసింది. కడుపు నిండా తిని, కాసేపు పడుకుని లేచాక గుండె కుదురుగా ఉంటేనే ఇటుక కోసం దూకమంది. ఒక చేతిలో తడి సంచీ ఊపుకుంటూ, ఇంకో చేతి వేలు అతనికేసి బెదిరింపుగా ఆడించి గేటు దాటింది.

మధ్యాహ్నం కాకుండానే భార్య క్యారియరు పట్టుకుని వచ్చింది. ప్రెస్సు పక్క వీధిలోనే. అతను వద్దంటున్నా రోజూ తెస్తుంది. అతను నాలుగు ముద్దలు తిని మూత పెట్టేస్తాడు. ఇవాళ బెంచీ మీద చోటు కోసం అతని సంచీ జరిపితే అది గలగలమంది.

"ఏంటండీ ఇందులో, గోలీలాడుతున్నారా?"

అతను ఆపేలోపే ఆవిడ సీసా బయటికి తీసింది. లేబుల్ చదివింది. ఆవిడ కళ్లు మూసుకుపోయాయి. భుజాలు కదిలాయి. సీసా గుండెకు హత్తుకుని, మాట రాక, బెంచీ మీద చతికిలబడి నవ్వింది.

"ఈ లేబుల్ కొట్టింది నేనే."

"మీరా?"

"నేనే. చదవండి, పైకి చదవండి."

అతను చదివాడు. "వయసు మళ్లించే మహత్తర మాత్రలు."

"మళ్లించే. వయసు మళ్లిందంటే ఏంటండీ అర్థం?"

అతను లేబుల్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. రోజూ చదివే మాటే. వయసును వెనక్కి మళ్లిస్తుందనే అనుకున్నాడు. వయసు మళ్లినవాడంటే ముసలాడని, తను చిన్నప్పటి నుంచీ వాడుతున్న మాటే అని ఒక్కసారీ తట్టలేదు.

"నేనడిగాను వాళ్లని. ఇది తిరగబడిందండీ, 'వయసు తగ్గించే' అని మార్చనా అన్నాను. ఇచ్చింది ఇచ్చినట్టు కొట్టమ్మా అన్నారు. ఇది చదివి కూడా కొనుక్కునే మహానుభావుడెవరో, వాణ్ణి ఒక్కసారి చూడాలి అనుకుంటూ కొట్టాను." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "చూశాను. మా బాత్రూములోనే ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు."

"అది కూడా తెలుసా?"

"తలుపు కింద ఒక్క పాదమే కనిపిస్తే ఏమనుకోవాలి? ఇంకోటి ఎక్కడ పెట్టారో అని కంగారుపడ్డాను."

అతనూ నవ్వాడు. చాలా రోజుల తర్వాత కడుపులోంచి వచ్చిన నవ్వు. అంతలో ఆవిడ నవ్వు ఆగింది.

"అయితే రాత్రుళ్లు అన్నం ముట్టనిది కూడా దీనికేనా?"

అతను తలూపాడు.

"నా వంట గొంతు దిగడం లేదేమో అనుకున్నాను. ఉప్పు తగ్గించాను. కారం తగ్గించాను. ప్రెస్సులో అందర్నీ అడిగి రోజుకో రకంగా వండాను." ఆవిడ క్యారియరు క్లిప్పుతో ఆడుతోంది. "చివరికి, మనిషికే నేను నచ్చలేదేమో అనుకున్నాను."

"అది కాదు." అతను సీసాను సంచీలోకి తోసేశాడు. "ఆలస్యంగా మొదలుపెట్టాం కదా. ఎక్కువ ఏళ్లు కావాలనిపించింది. మీతో."

"రెండు నెలల నుంచి ఒక్కదాన్నే కూర్చుని తింటున్నాను. ఈ రోజులు ఆ ఏళ్లలోకి రావా?"

పంపు మోటారు ఆగి ఆగి కొట్టుకుంటోంది. అతను క్లిప్పు విప్పి గిన్నెలు పరిచాడు. అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. మొదటి ముద్ద పెట్టుకోబోతూ ఆగాడు.

"నువ్వు తిన్నావా?"

ఆవిడ చెయ్యి గాల్లో ఆగింది. రెండు నెలలుగా 'మీరు' అనే పిలుస్తున్నాడు, ఎంత ఆటపట్టించినా మార్చలేదు. ఆవిడ క్యారియరు దగ్గరికి జరిగింది. ఒక గిన్నె మూత తన ముందుకు లాక్కుని అందులో అన్నం పెట్టుకుంది. ఇద్దరూ అడుగంటా తినేశారు.

తనిఖీ అధికారి సాయంత్రం ఎండ తగ్గాక వచ్చాడు. ఏమీ రాయని పలకలాంటి మొహం. రబ్బరు తొడుగు వేసిన ఇటుకను లోతులోకి జారవిడిచాడు. అది వంకర్లు పోతూ దిగి, అడుగున నీలి పలకల మీద ఆగింది.

విజిల్ మావయ్య అప్పటికే కాసేపు పడుకుని లేచాడు. మెడ పక్కన వేలు పెట్టి చూసుకున్నాడు. గుండె తన పని తాను చేసుకుంటోంది. ఛాతీ నిండా, ఇంక పట్టనంత గాలి పీల్చి దూకాడు. సగం దిగాక ఆ గాలే అతన్ని బెండులా పైకి లాగింది. కాళ్లు తన్నాడు. వేళ్లకు ఇటుక తగిలీ తగలనట్టు తగిలింది. చెవులు గుయ్యిమన్నాయి. ఉత్త చేతులతో పైకి వచ్చాడు.

"ఇంకొక్కటి" అన్నాడు అధికారి.

గట్టు పట్టుకుని ఆయాసం తీర్చుకుంటుంటే, ఎన్నో ఏళ్ల క్రితం ఇదే గట్టును వదలని ఒక ముసలావిడను తాను బతిమాలిన మాటలు చెవిలో మెదిలాయి. ఊపిరంతా బిగబట్టి కూర్చోకండి. కొంచెం వదలండి. నవ్వొచ్చింది. ఈసారి మామూలుగా పీల్చుకున్నాడు. తల కిందికి వంచి కాళ్లు పైకి లేపి, నోటి చివర నుంచి కాస్త గాలి వదిలాడు. బుడగలు చెంపలు రాసుకుంటూ పైకి పోయాయి. అతను కిందికి పోయాడు. తన బరువే తనను దింపింది. పడుచువాడిలా దూసుకుపోలేదు. యాభై ఆరేళ్ల మనిషి దిగినట్టే, ఎక్కడ ఏముందో తెలిసిన ఇంట్లో చీకట్లో నడిచినట్టు దిగాడు. రెండు చేతులా ఇటుకను పట్టుకుని, కాళ్లతో నేలను తన్ని పైకి లేచాడు. వెలుగు దగ్గరవుతుంటే ఛాతీ మండింది. ఇటుకను గట్టు మీద పెట్టాకే నోరు తెరిచాడు.

అధికారి వంగి ఇటుకను, తర్వాత అతన్ని చూశాడు. "సరే. మళ్లీ వచ్చే ఏడాది."

మళ్లీ. ఆ మాట ఎంత బాగుందో. అది కూడా మళ్లడంలోంచే పుట్టిందేమో, భార్యను అడగాలి అనుకున్నాడు తల తుడుచుకుంటూ.

ప్రెస్సు మూశాక భార్య వచ్చింది. గేటు దగ్గరి నుంచే కనుబొమలు ఎగరేసి అడిగింది. అతను రెండు చేతులూ చాచి, అందులో ఇటుక ఉన్నట్టు చూపించాడు. ఆవిడ కళ్లు మూసుకుపోయాయి.

అప్పుడే ఆవిడ వెనకగా దర్జీ వచ్చాడు. చేపమ్మ ఉండే మేడ కింద అతని దుకాణం. మెడలో టేపు ఇంకా వేలాడుతోంది.

"అన్నా, రేపట్నుంచి పెద్దమ్మగారు రారు" అన్నాడు.

"ఊరెళ్లారా?"

దర్జీ తల అడ్డంగా ఊపాడు. "పొద్దున ఇక్కణ్ణుంచి హుషారుగా వచ్చింది. నా షాపు ముందు నిలబడి, నేను కుట్టిన జాకెట్టుకి వంక పెట్టి, మెట్లెక్కి పైకెళ్లింది. మధ్యాహ్నం నుంచి రేడియో మోగుతూనే ఉంది. ఎంతకీ కట్టెయ్యకపోతే వెళ్లి చూశాను. కుర్చీలో కునుకు తీస్తున్నట్టే ఉంది. డాక్టరొచ్చి చూసి, నిద్రలోనే పోయింది, ఏమీ తెలిసి ఉండదన్నాడు."

దర్జీ వెళ్లిపోయాక విజిల్ మావయ్య గట్టు మీద కూర్చుండిపోయాడు. ఇటుక తెచ్చానని మొదట చెప్పాలనుకున్న ఇద్దరిలో ఒకరు లేరు.

"అన్నీ సరిగ్గా చేసిన మనిషి" అన్నాడు నీళ్లకేసి చూస్తూ. "ఆవిడే వెళ్లిపోతే ఇంక..."

భార్య పక్కన కూర్చుంది. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, పాదాలు నీళ్లలోకి దించింది. ముందు వేళ్లు ముడుచుకుని, తర్వాత ఒక్కొక్కటే విప్పింది.

"పొద్దున కూడా ఈదిందా?"

"ఈదింది. నన్ను తిట్టింది కూడా."

"ఎనభై మూడేళ్లకి." ఆవిడ పాదాలతో నీళ్లను మెల్లగా కదిలించింది. "నాకూ నేర్పుతారా?"

అతను తిరిగి చూశాడు. చిన్న అలలు ఆవిడ చీలమండల చుట్టూ తిరిగి అతని పాదాల దాకా వస్తున్నాయి.

"భయం లేదా?"

"ఉంది. మునిగితే తీసేవాళ్లున్నారుగా."

"రేపు ఆవిడను సాగనంపాలి."

"ఎల్లుండి మొదలుపెడదాం. ముందు ఇంటికెళ్లి తిందాం, ఆకలేస్తోంది. దారిలో డాక్టరుకి ఆ సీసాలు చూపించాలి కూడా."

ఆవిడ గేటు దగ్గరికి నడిచింది. అతను పంపు కట్టేసి, ఒక్కొక్క లైటూ ఆర్పుకుంటూ లోతు తక్కువ వైపుకు వచ్చాడు. పొద్దంతా దండెం మీద వేలాడిన తువ్వాళ్లను మడతపెడదామని తీస్తే వాటి వెనక, గోడకు ఆనించి చేపమ్మ చేతికర్ర ఉంది. ఇవాళ పొద్దున గేటు దాటినప్పుడు తప్ప, నేల మీద అది లేకుండా ఆమె అడుగు తీసి అడుగు వేయగా అతను ఎన్నడూ చూడలేదు. పిడి మీద రంగు పోయి నునుపు తేలింది. అడుగునున్న రబ్బరు బుడిపె ఒకవైపుకే అరిగి, ఆ అరిగిన వైపు గేటుకేసి తిరిగి ఉంది.