వదిన పెట్టిన ప్రార్థనాంశం

తాళం వేసి నాలుగడుగులు నడిచాక మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసుకునేవాళ్ళు ఉంటారు చూడండి, దర్జీ అక్క తన రక్షణను అలా లాగి చూసుకునేది. బాప్తిస్మం తీసుకుని ఏళ్ళు గడిచినా, పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చుని, "ప్రభువా, ఇవాళ కూడా నన్ను రక్షించు, నిన్న అడిగింది చాలిందో లేదో" అని మళ్ళీ మొదలెట్టేది. ఎందుకైనా మంచిదని!

ఈ సంగతి భూమ్మీద ఒక్క మనిషికే తెలుసు. ఆమె వదినకి, అంటే అన్న భార్యకి. అక్క కుట్టిన చొక్కాలకు కాజాలు తీసేది ఆవిడే, పని మొదలయ్యేముందు పక్కన కూర్చుని ప్రార్థన చేసేదీ ఆవిడే. ఓ రోజు అక్క ఏడుస్తూ చెప్పేసింది.

"వదినా, దేవుడు ప్రేమిస్తున్నాడని ఆదివారం పిల్లలకు పాఠం చెప్తాను గానీ, నాకే నమ్మకం కుదరట్లేదు. ఎవరితోనూ అనకు."

"పిచ్చిదానా, నా కడుపులోనే ఉంటుంది" అంది వదిన.

ఆదివారం వచ్చింది. ఆరాధన చివర్లో పాస్టరుగారు ప్రార్థనాంశాలు చెప్పమన్నారు. ఒకాయన మోకాళ్ళ నొప్పులన్నాడు, ఒకావిడ కొడుకు ఉద్యోగమంది. తర్వాత వదిన లేచి, గొంతు తగ్గించి, అందరికీ వినబడేలా చెప్పింది.

"మా ఆడపడుచు కోసం. పాపం, తనకి రక్షణ నిశ్చయత లేదు, దేవుడు రక్షించాడన్న నమ్మకమే కుదరట్లేదు. రోజూ ఏడుస్తోంది. పిల్లలకు పాఠం చెప్పే మనిషి కదా, సంఘమంతా భారంగా ప్రార్థించాలి."

చాడీ చెబితే చాడీ అని తిట్టొచ్చు. దానికి ప్రార్థనాంశమని పేరు పెడితే ఏమని తిడతాం? అందరూ ఆమేన్ అన్నారు. ముందు వరుసలో పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. అక్క నిలువునా నీరైపోయింది. పాస్టరమ్మగారు వచ్చి భుజం తట్టి, "కొన్నాళ్ళు పాఠం వేరేవాళ్ళు చెప్తార్లే, నువ్వు కుదుటపడు" అన్నారు.

మర్నాడు వదిన ఏమీ ఎరగనట్టు కొట్లోకొచ్చి, "ప్రార్థన చేద్దామా?" అంది.

"నీకో దణ్ణం. ఇంకెవర్ని సంఘం ముందు నిలబెడతావు?"

"అయ్యో, నీ మేలు కోరే కదా! అంతమంది అడిగితే దేవుడు త్వరగా వింటాడని..."

"నమ్మి చెప్పుకుంటే నడిబజార్లో నిలబెట్టావు. ఆ మేలు నువ్వే ఉంచుకో."

వదిన మొహం మాడ్చుకుని కాజాల గుడ్డలు తీసుకుని అరుగు మీదికి పోయింది.

అక్క ఒక్కతే మిగిలింది. అలవాటు కొద్దీ ప్రార్థనకి నోరు తెరిచింది గానీ కోపం తన్నుకొచ్చింది. వదిన మీదా, దేవుడి మీదా కూడా.

"ఆవిడకి ఒక్కసారి చెప్పినందుకే ఇంత చేసింది. నీకు రోజూ చెప్పానే! నువ్వంటే నమ్మకం లేదని నీ మొహాన్నే అన్నాను. అంతకన్నా పాడు మాటలూ అన్నాను. మరి నువ్వేం చేశావు?"

అడిగి ఆగిపోయింది. ఏం చేశాడు? ఎవరికీ చెప్పలేదు. పాఠం మాన్పించలేదు. ఆ మాటలన్నీ విని కూడా, ప్రతి ఆదివారం పిల్లల మధ్య కూర్చోనిచ్చాడు. ఇంత తెలిసీ వదలనివాడు ఇంకేం తెలిస్తే వదుల్తాడు?

అక్క బావురుమంది. వదిన పెట్టిన మంట చల్లారలేదు, ఇప్పట్లో చల్లారదు కూడా. అయినా ఆ ఏడుపులో భయం లేదు.

ఏడుపు విని వదిన గుమ్మం దగ్గరికొచ్చింది. "ఏమైంది? ప్రభువుతో ఏం చెప్పుకున్నావు?"

అక్క కళ్ళు తుడుచుకుంది.

"నీకు చెప్పను. ఆయనకు తెలుసు, చాలు."