ఎడమకాలి కింది చెక్క

నేను ఒక దేవదారు చెక్కను. అమెరికా దక్షిణాన మిసిసిపీలో, కలప కోసే కూలీలు సాయంత్రాలు చేరే ఒక సారాపాకలో నా బతుకు మొదలైంది. అక్కడ వంట చేసే ఆమె కొడుకు ఎజ్రా, మూలనున్న పాత పియానో వాయించేవాడు. మట్టినేల మీద కాలితాళం వినబడదని నన్ను ఎడమకాలి కింద వేసుకున్నాడు. చెల్లెలు లువీనియా నా రెండో కొస మీద కూర్చునేది. అతను తొక్కినప్పుడల్లా ఒళ్ళంతా అదిరి నవ్వేది. దుంగ పడి ఎజ్రా మడమ వంకరపోయింది. అందుకే రెండు దెబ్బలు గట్టిగా వేసి, మూడోది ఈడ్చేవాడు.

అతనికి తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయింది. పిన్ని ఎవరో వచ్చి చెల్లెల్ని రైలెక్కించి ఉత్తరాదికి తీసుకుపోయింది. ఏ ఊరికో చెప్పలేదు. మనుషులు గొడుగు మరిచిపోతే వెనక్కి వస్తారు గాని, ఊరి పేరు చెప్పడం మరిచిపోతే రారు.

ఎజ్రా నన్ను కోటులో చుట్టుకుని ఊళ్ళు తిరిగాడు. షికాగోలో రికార్డులిచ్చాడు. ఒక్కో కంపెనీ అతనికి తనకు తోచిన పేరు పెట్టింది. అందరూ మాత్రం అతని కాలికీ నాకూ మధ్య దిండు పెట్టారు. కాలి చప్పుడు సంగీతం కాదట.

తల నెరిశాక లండన్ నుంచి పిలుపొచ్చింది. అక్కడి కుర్ర వాద్యగాళ్ళకు అతని పాటలన్నీ, తప్పులతో సహా, కంఠతా వచ్చు. డ్రమ్ములు వాయించే కాలిన్ నన్ను తనే మోసుకొచ్చాడు. స్టూడియోలో ఇంజనీరు దిండు తెచ్చాడు.

"వద్దు బాబూ," అన్నాడు ఎజ్రా. "ఒక్క పాటలోనైనా నా కాలు వినబడనివ్వండి. మా చెల్లెలు గుర్తుపడుతుంది."

"రికార్డు అట్ట మీద మీ పేరు ఇంత లావున వేస్తాం కదండీ," అన్నాడు కాలిన్.

"దానికి చదువు రాదు. అయినా నాకెన్ని పేర్లని?"

"ఫోటో కూడా వేస్తాం."

"చిన్నప్పటి మొహం తెలుసయ్యా దానికి. ఈ బూడిదగుమ్మడికాయని చూసి ఏం పోల్చుకుంటుంది?"

అందరూ నవ్వారు. కాలిన్ నవ్వుతూనే డ్రమ్ము పుల్లలు కింద పెట్టేశాడు.

ఆ పాటకు డ్రమ్ములు లేవు, దిండూ లేదు. అయ్యాక ఎజ్రా వంగి నన్ను నిమిరాడు. "ఉంచుకో నాయనా, దీని పని తీరింది," అని కాలిన్ చేతికిచ్చి తన దేశం వెళ్ళిపోయాడు.

"ఈ పాటొక్కటీ బోసిగా ఉందయ్యా," అన్నాడు ఇంజనీరు తర్వాత.

"మాటిచ్చాం కదా ఆయనకి."

"కాలు తీసెయ్యమన్నానా? దాని మీద మెల్లగా వాయించు, అంతే."

ఎజ్రా పాట పదిమందికీ నచ్చాలని కాలిన్ ఆశ. మెల్లగానే మొదలుపెట్టాడు. డ్రమ్ముల వాళ్ళు మెల్లగా ముగించడం నేనెప్పుడూ వినలేదు.

ఇప్పుడు కాలిన్ ఇంట్లో నేను రికార్డుల అలమరాకు అడుగు చెక్కను. ఎజ్రా పోయాడని కబురొచ్చిన రోజు, అతను కళ్ళు తుడుచుకుంటూ ఆ రికార్డు నా మీంచే తీసి గ్రామఫోను మీద పెట్టాడు. కాలి చప్పుడు డ్రమ్ముల అడుగున ఉందట. ఆ దెబ్బలు తిన్నదాన్ని, నాకే వినబడలేదు.

ఎక్కడో ఒక ముసలామె ఇంట్లో కూడా రేడియో ఈ పాట పాడే ఉంటుంది. ఎవరో బాగానే వాయిస్తున్నాడనుకుని, ఆమె లేచి పొయ్యి మీది గిన్నె దించుకోవడానికి వెళ్ళి ఉంటుంది.