నా తాలూకు మనిషి

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ సామెత కట్టినవాడు మా ఇంట్లో పుట్టి ఉండడు. ఎప్పుడూ పదిహేను మందికి తక్కువ లేని ఇల్లు. నాకు దగ్గొస్తే మంచినీళ్ళ గ్లాసు ఎవరి చేతిలోంచో వచ్చేది. కూరలో ఉప్పు ఒకరోజు ముగ్గురు వేసేవారు, ఒకరోజు ఎవరూ వేసేవారు కాదు. ఎవరిని తిట్టాలో తెలియక నోరు మూసుకుని తినేవాళ్ళం. యాభై దాటినా నాకు నోరు తెరిచి అడిగే విద్య మాత్రం అబ్బలేదు.

గడియారాలు బాగుచేస్తాను. కన్నే నాకు కూడు. కుడికంట్లో శుక్లం వచ్చింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఇప్పుడు తలో ఊళ్ళో ఉన్న చుట్టాలందరి వాట్సాప్ గ్రూపులో ఆపరేషన్ తేదీ, ఆసుపత్రి పేరు రాసి పెట్టాను. రమ్మని రాయలేదు. రాయాలా? అందరూ దండం బొమ్మలు పెట్టారు.

ఆపరేషన్ రోజు పొద్దున ఆసుపత్రి వరండాలో కూర్చుంటే నర్సు వచ్చింది.

"మీ తాలూకు ఎవరండీ?"

"వస్తున్నారు."

రెండోసారీ అదే చెప్పాను. మూడోసారి ఆమె విసుక్కుంది. "సంతకానికి మనిషి లేకపోతే లోపలికి తీసుకోరండీ. వచ్చే నెలకి మార్చేస్తాను."

అక్కకి ఫోన్ చేశాను.

"అదేంట్రా, బాబాయ్ వచ్చాడనుకున్నానే."

బాబాయేమో వదిన వెళ్ళిందనుకున్నాడు. వదినేమో అక్క ఉందిగా అనుకుంది. ఇప్పుడు బయల్దేరినా సాయంత్రానికి గానీ రాలేరు, వద్దన్నాను. ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. వచ్చే నెలదాకా ఒంటికన్నుతో ఏ గడియారం విప్పను?

పక్క కుర్చీలో ఒకావిడ ఉంది. భర్త అప్పటికే లోపల ఉన్నాడు. రెండుసార్లు ఆవిడ వైపు తిరిగి, మళ్ళీ గోడ గడియారం చూశాను. మూడోసారి అడిగేశాను.

"అమ్మా, కాసేపు నా మనిషిగా ఉంటారా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏమవుతానని రాయమంటారు?"

"అక్క అని రాయండి."

రాసి, సంతకం పెట్టింది.

కంటికి కట్టుతో బయటికొచ్చేసరికి ఆ కుర్చీ ఖాళీగా ఉంది. భర్తను తీసుకుని వెళ్ళిపోయిందట. పేరైనా అడగలేదు. ఫోన్ మోగింది, అక్క.

"ఆపరేషన్ అయిందా? నీ దగ్గర ఎవరైనా ఉన్నార్రా?"

"ఉన్నారు," అన్నాను.

"అమ్మయ్య. నాకు తెలుసురా, నీకు ఎవరో ఒకరు ఉంటారని."

తర్వాత బాబాయ్ చేశాడు, వదిన చేసింది. వాళ్ళూ అదే మాట అన్నారు.