పైకి లాగండి

ఆ విమానం ఒంటి చేత్తో నాలుగు పనులు చక్కబెట్టే రకం. గాల్లో ఎదురుపడ్డవాడితో కలబడుతుంది, కిందికి దిగి నేలమీది గురిని కొడుతుంది, పోతూ పోతూ ఫొటోలు కూడా తీసుకొస్తుంది. ఒక పని నుంచి ఇంకో పనికి మారాలంటే పైలట్ బొటనవేలితో ఒక మీట నొక్కితే చాలు. రాడారు, కెమెరాలు, పక్క విమానాలు చెప్పే కబుర్లన్నీ కలిసి హెల్మెట్ అద్దం మీదే కనిపిస్తాయి. ఇన్ని చూసేసరికి పాపం ఆ మనిషి కళ్లకు తీరిక ఉండదు. మిగిలేవి చెవులే. అందుకే నేల ముంచుకొస్తుంటే విమానమే నోరు తెరిచి చెబుతుంది.

ఆ నోరు అక్కది.

డిజైన్ ఆఫీసులో హెచ్చరికల పని ఆవిడదే. నమూనా కోసం తన గొంతే రికార్డు చేసి పెడితే, పైలట్లంతా "ఇదే ఉంచండి" అన్నారు. అన్నవాళ్లలో ఆవిడ సొంత తమ్ముడూ ఉన్నాడు. నాలుగు రోజుల్లో ఆ విమానాన్ని మొదటిసారి కొండల మధ్య నేలబారుగా నడపబోయేది అతనే. తన గొంతు ఖాయమైనప్పటి నుంచీ, ఆరు నెలలుగా అక్క కాలు భూమ్మీద ఆనడం లేదు.

ఆ ఉదయం సిమ్యులేటర్ గదిలో తమ్ముడు నేలను ఢీకొన్నాడు.

ఉత్తుత్తి నేలే. తెర ఎర్రబడింది, అంతే. కొండ పక్కనున్న గురిని కొట్టి, వెంటనే మీట నొక్కి పైనున్న శత్రువు వైపు చూపు తిప్పాడు. విమానం కిందికి జారింది. "పైకి లాగండి" అంది అక్క గొంతు. రెండోసారీ అంది. అతను చేతిలోని పిడి లాగలేదు.

"'అండి' ఏమిటమ్మా? చుట్టాల్ని భోజనానికి లేపుతున్నావా?" అన్నాడు పెద్దాయన. ఆఫీసుకంతటికీ ఆయనే పై అధికారి. "నువ్వు ఆ మర్యాద చేసేలోపు విమానం అరవై మీటర్లు దిగిపోతుంది."

అక్కకు సిగ్గేసింది. ఎవరినైనా "మీరు" అనే ప్రాణం, యంత్రం చేత కూడా అలాగే అనిపించింది. మధ్యాహ్నానికల్లా "లాగు" అని మళ్లీ రికార్డు చేసింది. తమ్ముడు మళ్లీ ఢీకొన్నాడు.

ఇక ఆవిడకు కాలు నిలవలేదు. టీ తెచ్చుకుని తాగడం మరిచిపోయింది. వరండాలో నడిచింది, లోపలికొచ్చింది, మళ్లీ బయటికెళ్లింది. గొంతు పెంచి చూసింది, తగ్గించి చూసింది, మాటకు ముందు గంట మోగించి చూసింది. తమ్ముడు గంటకు ఉలిక్కిపడేవాడు, గొంతు వినగానే మళ్లీ పనిలో పడేవాడు. చూస్తుండగానే రెండు రోజులు గడిచిపోయాయి.

మూడోరోజు క్యాంటీన్లో అతన్ని పట్టుకుంది. "నీకు వినపడటం లేదట్రా?"

"వినపడుతోందక్కా."

"మరెందుకు లాగవు? నా మాటంటే లెక్కలేదా?"

తమ్ముడు బుర్ర గోక్కున్నాడు. "లెక్కలేక కాదే. చిన్నప్పుడు అమ్మ డ్యూటీకెళ్తే, కరెంటు పోయినప్పుడల్లా నువ్వే కదా నా పక్కన కూర్చుని ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేదానివి? అక్కడ అంత గోలలో నీ గొంతు వినపడగానే, అమ్మయ్య, అక్క ఉందిలే అనిపిస్తుంది. భయం పోతుంది."

మాట వినని తమ్ముడి చెవైతే అక్క మెలిపెట్టేది. ఇంత ప్రేమగా వినేవాణ్ణి ఏం చెయ్యాలి? బెదరగొట్టాల్సిన చోట తను కూర్చుని జోలపాడుతోంది!

తిన్నగా గేటు దగ్గరికి నడిచింది. అక్కడ గుర్తింపు కార్డులు చూసే ఆవిడకు అందరూ పెట్టిన పేరు సైరనమ్మ. ఆవిడ "కార్డు!" అందంటే పెద్దాయనంతటివాడు కూడా జేబులు తడుముకోవాల్సిందే.

"నా గొంతు విమానంలోనా? నాకు కళ్లు తిరుగుతాయమ్మా" అంది సైరనమ్మ.

"ఎక్కక్కర్లేదండీ. మా తమ్ముడు కార్డు లేకుండా లోపలికి దూరుతున్నాడనుకుని 'లాగు' అనండి, చాలు."

సైరనమ్మ అంది. రికార్డు చేస్తున్నాయన హెడ్‌ఫోన్లు పీకి అవతల పెట్టాడు.

తన గొంతు తీసెయ్యమని కాగితం రాసి సంతకం పెట్టింది కూడా అక్కే. పెడుతుంటే ఏడుపొచ్చింది. సాయంత్రం సిమ్యులేటర్లో తమ్ముడు మూడుసార్లూ లాగాడు. అయినా ఆవిడకు నమ్మకం కుదరలేదు, రేపటిది ఉత్తుత్తి నేల కాదు కదా.

మర్నాడు పొద్దున్న అందరూ కంట్రోల్ గదిలో కూర్చుంటే ఆవిడ ఒక్కతే నిలబడింది. తెరమీద విమానం ఎత్తు చూపే గీత కొండల వరకు దిగింది. గురిని కొట్టడం అయింది. మీట మారింది. గీత వాలడం మొదలుపెట్టింది. అక్క పెదవులు వాటంతటవే కదిలాయి కానీ వినపడింది ఆవిడ గొంతు కాదు.

"లాగు!"

మాట పూర్తికాకముందే గీత నిట్టనిలువుగా లేచింది. ఒంటిమీద తొమ్మిదింతల బరువు మోస్తున్న మనిషి రొప్పు రేడియోలో కాసేపు వినపడింది.

"కార్డు జేబులోనే ఉందమ్మోయ్!" అని అరిచాడు తమ్ముడు. గదంతా గొల్లున నవ్వింది. తర్వాత మెల్లగా అడిగాడు. "అక్కా, నిన్న సిమ్యులేటర్లో ఊరికే మార్చి చూశారనుకున్నా. ఇక్కడా నీ గొంతు లేదేం? తీసేశారా?"

పెద్దాయన మైకు ఆవిడ చేతికిచ్చాడు.

"నేనే తీయించాన్రా" అంది అక్క. "నువ్వు ముందు ఇంటికి రా. ఎంతసేపు కావాలంటే అంతసేపు మాట్లాడతాను."