కప్పుల గది

ఈ నెలాఖరుకి ప్రతి ఒక్కరూ ఏదో ఒక పరిచర్య ఎంచుకోవాలని పాస్టరుగారు చెప్పిన దగ్గర్నుంచి ఆమెకి ముద్ద దిగడం లేదు. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. సండే స్కూల్లో పిల్లల ముందు వాక్యం చదవాలంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. పాటల బృందంలో నిలబడితే పదాలన్నీ మరిచిపోతుంది. ఆస్పత్రిలో రోగుల్ని చూడ్డానికి వెళ్తే ఏ జబ్బు మోసుకొచ్చి బిడ్డకి అంటిస్తానోనని దడ.

"నీ నీడ నీ వెనకొచ్చినా పోలీసుల్ని పిలిచే రకానివే నువ్వు," అని నవ్వుతుంటాడు భర్త. కుందేలని పేరు పెట్టింది అతనే. ఇప్పుడు సంఘమంతా అదే పిలుపు.

చివరికి మోకాళ్ల మీద ఓ ఒప్పందం చేసుకుంది. ప్రభువా, ఎక్కడైతే నాకు భయం వెయ్యదో అదే నువ్వు చూపించిన చోటనుకుంటాను.

అలా దొరికింది కప్పుల గది. ప్రభువు బల్ల అయ్యాక, ద్రాక్షరసం పంచిన బుల్లి గాజు కప్పులన్నీ కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పళ్లెం గుంటల్లో సర్దాలి. అంతే. తలుపు మూసుకుంటే పలకరించేవాళ్లుండరు. బిడ్డని అత్తగారు ఎత్తుకుంటుంది. హమ్మయ్య, నా మొర విన్నాడనుకుంది.

ఆ ఆదివారం ఆ తలుపు తోసుకుని కీబోర్డు వాయించే అబ్బాయి భార్య వచ్చింది. ఒక చేతిలో నెలల పసివాడు, రెండో చేతిలో పాలసీసా. సింకు దగ్గర వేడినీళ్ల కుళాయి కింద సీసా పట్టి ఎటో చూస్తోంది. నీళ్లు పొంగి వేళ్ల మీద పడుతున్నా చెయ్యి తియ్యడం లేదు.

"అయ్యో, చెయ్యి కాల్చుకుంటున్నావమ్మా!"

"అక్కా, వీణ్ణి కాస్త పట్టుకోవా. నా దగ్గర ఉంచకు."

"ఏమైంది?"

"స్నానం చేయిస్తుంటే నా చేతులే వీణ్ణి ముంచేస్తాయేమో అనిపిస్తోంది. రోజూ ఇదే. నాకు దయ్యం పట్టిందా అక్కా? ఎవరికైనా తెలిస్తే వీణ్ణి లాగేసుకుంటారు."

కుందేలు చేతిలోని కప్పు జారి సింకులో పగిలింది.

వాళ్లింట్లో కూరలు కోసే కత్తి అటక మీద ఉంటుంది. పాకే బిడ్డకి అందకూడదని పెట్టిందనుకుంటారు అందరూ. వంకాయ కొయ్యాలంటే నిచ్చెన వెయ్యాల్సిందేనని భర్త ఎగతాళి. అసలు దేనికి దాచిందో టీకాల నర్సమ్మకీ డాక్టరమ్మకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు నోరు విప్పితే, ఈ పిల్ల ఒక్కరి చెవిన వేసినా చాలు, అత్తగారు మనవణ్ణి మళ్లీ ఈ కోడలి ఒడిలో పెడుతుందా?

"ప్రార్థన చేసుకోమ్మా, అన్నీ సర్దుకుంటాయి." ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అని పంపించేస్తే ఏ గొడవా లేదు, ఏ భయమూ లేదు. తను దేవుడితో కుదుర్చుకున్న గుర్తు అచ్చం అదే. అప్పుడు తట్టింది. ఈ గుర్తు ఆయన ఇచ్చింది కాదు. తను రాసుకున్నది.

తడిచేతులతోనే పసివాణ్ణి అందుకుంది.

"మా ఇంట్లో కత్తి అటకెందుకు ఎక్కిందో తెలుసా?" అని మొదలుపెట్టి, మొత్తం చెప్పేసింది.

ఆ అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. "నీకూనా! మరి నువ్వు... ఏం చెయ్యలేదు కదా?"

"చెయ్యలేదు. ఇది దయ్యం కాదంట. బాలింతలకి వచ్చే జబ్బంట. నర్సమ్మే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఇంకా మందులు మింగుతూనే ఉన్నా."

"ఇప్పుడు భయం పోయిందా?"

"ఎక్కడ పోయింది? నా మోకాళ్లు చూడు, కొట్టుకుంటున్నాయి. పద, ఆస్పత్రికి పోదాం."

"ఆదివారం కదక్కా!"

"అత్యవసరం వార్డుకి ఆదివారం సెలవిస్తారేంటి?"

"మా ఆయన అడిగితే?"

"ముందు మా అత్తగారికి నేను చెప్పుకోవాలి. ఆవిడ ముందు మీ ఆయన ఏపాటమ్మా!"

ఆ మాటకి ఆ పిల్ల ఏడుపులోంచే ఫక్కున నవ్వింది. అంతలో బయటి నుంచి అత్తగారు తలుపు దబదబా బాదింది. "కుందేలూ! ఆ నాలుగు కప్పులూ కడగడం ఎప్పటికవుతుందే? బిడ్డ ఏడుస్తున్నాడు!"

కడగని కప్పులు కడగనట్టే ఉన్నాయి. పసివాణ్ణి గుండెకి అదుముకుని ఆమె తలుపు తీసింది. అత్తగారు వింతగా ఇద్దరినీ చూసింది.

"అత్తయ్యా, మీరూ మాతో ఆస్పత్రికి రండి," అంది. "దారిలో మీకొకటి చెప్పాలి. ఆ కత్తి గురించి."