ఒక్కొక్క పూసగా

"నేల మీద పడుకుని కాళ్ళూపడానికి కూడా సర్టిఫికెట్టిస్తారా?" అన్నాడు భర్త, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే.

ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అతని చొక్కా బోర్లా పరిచి, చేతులు రెండూ వెనక్కి మడిచి, కాలరు సరిచేసి, "ఇస్తారండీ. పిలాటీస్ నేర్పడానికి ఎనిమిది నెలల కోర్సు. శని, ఆదివారాలు మధ్యాహ్నం దాకా" అంది. అతనింకా ఏమీ అడగకముందే, "వంట చేసేసే వెళ్తాను" అని కూడా అనేసింది. అనేశాక గానీ ఆమెకు తెలియలేదు, ఆ మాట ఎవరూ అడగలేదని.

"పిలాటీసో పిల్లాటలో, నీ ఇష్టం" అన్నాడతను. అదే అనుమతి.

పక్కగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఇంటిపని కన్నా పెద్ద వ్యాయామం ఉందిటే లోకంలో? ఊడ్చి, తుడిచి, బట్టలారేస్తే చాలదూ?"

ఆ లెక్కన ఆ ఇంట్లో అందరికన్నా బలంగా ఉండాల్సింది ఆమే. నలభయ్యో ఏడు వచ్చేసరికి మెడ పక్కకి తిరగడం మానేసింది. పొద్దున ఏడున్నరకి స్కూలు బస్సెక్కి పిల్లల్ని చెయ్యిపట్టి ఎక్కించడం, దించడం. తొమ్మిదిన్నర నుంచి మూడింటిదాకా కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో మైనం చెక్కి, పళ్ళు అమర్చి, అరగదీసి మెరుగుపెట్టడం. మళ్ళీ బస్సు. మళ్ళీ ఇల్లు. ఎవరైనా అడిగితే భర్త, "ఏదో కాలక్షేపానికి వెళ్తోందిలెండి" అనేవాడు. ఆ కాలక్షేపంలో ఊళ్ళో సగం నవ్వులు ఆమె చేతుల మీదుగానే బయటికి వెళ్ళాయి. ఎవరి నోట్లోవో తెలియని ఆ పళ్ళవరసల మీదికి తల వంచి వంచి ఆమె మెడ అలాగే ఉండిపోయింది. పక్కవాళ్ళు పిలిస్తే మనిషి మొత్తం తిరిగేది, తలుపు తిరిగినట్టు.

మెడ చూసిన డాక్టరు ఆమెను ల్యాబుకి ఎదురుగా, పిలాటీస్ వ్యాయామాలు నేర్పే మేడ మీది గదికి పంపింది. చెక్కనేల, మూడు పెద్ద కిటికీలు, గోడవార చుట్టిపెట్టిన మ్యాట్లు. అక్కడి టీచరుకు అరవై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, నడిస్తే చప్పుడు కాదు. ఆమెను వెల్లకిలా పడుకోబెట్టింది.

"ఇప్పుడేం చెయ్యాలండీ?"

"ఏమీ చెయ్యొద్దు. గాలి పీల్చండి." టీచరు రెండు చేతులూ ఆమె డొక్కల మీద ఆనించింది. "ఇక్కడికి. పక్కలకీ, వీపు వైపుకీ."

వీపు వైపుకి గాలి వెళ్తుందని ఆమెకు అంతవరకూ తెలియదు. వీపంటే తను ఎప్పుడూ చూడని చోటు. పిల్లని మోసింది, అత్తవారింటి మాటలు మోసింది, సబ్బు అందనిచోట మురికి కూడా మోసింది. ఆ మధ్యాహ్నం మొదటిసారి అక్కడికి గాలి చేరింది. ఎన్నాళ్ళుగానో మూసి ఉన్న గదిలో తెరలు కదిలినట్టు లోపల ఎక్కడో కదిలింది. కిటికీలోంచి పడ్డ ఎండలో దుమ్ము కణాలు తేలుతుంటే తానూ వాటితోపాటు కాస్త నేలకి పైన ఉన్నట్టు అనిపించింది. ఒళ్ళు ఇంత పెద్దదా అనుకుంది. ఇన్ని మూలలున్నాయా, ఇన్ని మలుపులున్నాయా, ఇంతమందికి ఇంత చోటిచ్చి తను మాత్రం గొంతు దగ్గర చిన్న పీట వేసుకుని కూర్చుందా. "ఇప్పుడు వెన్ను పైకి లేపండి. ఒక్కొక్క పూసగా. మళ్ళీ ఒక్కొక్క పూసగా దించండి. తొందరేం లేదు" అంది టీచరు. తొందరేం లేదు అన్న మాట ఆమెతో అంతకు ముందు ఎవరన్నారో గుర్తుచేసుకోబోయింది. ఎవరూ గుర్తుకు రాలేదు.

మెడ మూడు నెలల్లో తిరిగింది. కానీ ఆమె అక్కడితో ఆగలేకపోయింది. ఆ మాటల్ని తానూ ఒకరికి చెప్పాలని, ఒకరి డొక్కల మీద చేతులుంచి ఇక్కడికి అనాలని ఆశ పుట్టింది. ఆశ అనడానికి కూడా సిగ్గేసి, దాన్ని భర్తకి చెప్పడానికి బట్టలు మడతపెట్టే వేళ చూసుకుంది.

కోర్సు మొదలయ్యాక ఆమె రోజులు రెండు పొరలుగా సాగాయి. పైపొరలో అంట్లు, టిఫిను డబ్బాలు, బస్సులో వాంతి చేసుకున్న పిల్లలు. అడుగుపొరలో ఎముకలు. కూరలు తరుగుతూ వెన్నుపూసలు లెక్కపెట్టుకునేది. మెడవి ఏడు, వీపువి పన్నెండు, నడుమువి ఐదు. పద్నాలుగేళ్ళ కూతురు వంటింటి గట్టుమీద కూర్చుని పుస్తకం పట్టుకుని పరీక్ష పెట్టేది. "అమ్మా, భుజం వెనకాల రెక్కలాగా ఉంటుందే, దాని పేరేంటి?" "రెక్క ఎముకే." "అది కాదు, పుస్తకంలో పేరు!" ఆమె నవ్వేది. రెక్కల కష్టం అని జనం ఊరికే అనలేదు, పనిచేసేవీ అవే, ఎగరాల్సినవీ అవే. ల్యాబులో మైనం వేడికి మెత్తబడుతుంటే తన నడుము గుర్తొచ్చేది. వెళ్తున్న బస్సులో కడ్డీ వదిలేసి, కుదుపు ఎటు వస్తే అటు బరువు మార్చుకుంటూ నిలబడేది.

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "ఏంటమ్మా, కొంగలాగా ఆ నిలబడడం?"

అతనే ఆమె మొదటి శిష్యుడు. పరీక్షకి కూర్చోవాలంటే అరవై గంటలు ఎవరికైనా నేర్పి సంతకాలు తేవాలి. స్కూలు వదిలే గంటకి ముందు, ప్రహరీగోడ పక్కన ఆపిన ఖాళీ బస్సులో, వెనక సీట్ల మధ్య డ్రైవరుని కూర్చోబెట్టి మొదలుపెట్టింది. పది రోజులకి ఒక మధ్యాహ్నం అతను అకస్మాత్తుగా వెనక్కి తిరిగి, వెనక అద్దంలోంచి రోడ్డు చూసి, అలాగే ఉండిపోయాడు. "ఇరవై ఏళ్ళుగా వెనక ఏముందో అద్దంలోనే చూస్తున్నానమ్మా. ఇవాళ మెడ తిప్పి చూశా" అన్నాడు. అతని కళ్ళు చెమర్చాయి. ఆమె పుస్తకంలో సంతకం పెట్టించుకుంది.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, టీచరు ఒకనాడు ఆమె క్లాసు చెప్పడం చూసి, అందరూ వెళ్ళాక ఆపింది.

"మీ చెయ్యి మంచిది. చూపు మంచిది. గొంతే బాలేదు."

"సన్నగా ఉందాండీ?"

"సన్నగా లేదు. బతిమాలుతోంది. 'కొంచెం మోకాలు మడుస్తారా, ఏమనుకోకపోతే చెయ్యి పైకెత్తుతారా' అంటున్నారు. గాల్లో కాలు లేపి ఉన్న మనిషికి మీ మర్యాదతో పని లేదు. ఏం చెయ్యాలో తెలియాలి."

ఆమె ఇంటికి నడుస్తూ తన మాటల్ని వెనక్కి తిప్పుకుని విన్నది. నిజమే. పెళ్ళయిన పదిహేడేళ్ళుగా తను చెయ్యమనే మాట ఒక్కటీ చెప్పలేదు. అన్నీ ప్రశ్నలే. తింటారా, వస్తారా, వెళ్ళనా, ఫ్యాను వెయ్యనా. ప్రశ్న కానిది ఏదన్నా ఉంటే అది క్షమాపణ. ఉప్పెక్కువైతే తనది, వాన పడి బట్టలు తడిస్తే తనది. గొంతుకి కూడా వెన్ను ఉంటుందేమో, అదీ వంగిపోయిందేమో అనుకుంది. ఆ సాయంత్రం బాల్కనీలో బట్టలు తీస్తూ, ఎవరూ వినకుండా, ఆకాశానికి చెప్పి చూసింది. "పీల్చండి. వదలండి." ఆకాశం ఏమీ అనుకోలేదు.

ఆ వారమే అత్తగారికి బకెట్టు ఎత్తబోతే నడుము పట్టేసింది. వంగినమనిషి వంగినట్టే ఉండిపోయి కేకేసింది. ఆమె మెల్లగా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి, కాళ్ళ కింద దిండ్లు పెట్టి, పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, మీకు కష్టం కాకపోతే, కొంచెం గాలి అలా…"

"అడుక్కుంటావేంటే! నొప్పితో చస్తున్నా. ఏం చెయ్యాలో చెప్పు!"

"పీల్చండి" అంది ఆమె.

అత్తగారు పీల్చింది. వదలమంటే వదిలింది. చాలాసేపటికి ఆ మొహంలో నొప్పి సడలింది. పైకప్పు వంక చూస్తూ, "ఎంత బూజు పట్టిందో చూడు" అంది ముందు. తర్వాత గొంతు తగ్గించి, "పట్టపగలు ఇలా వెల్లకిలా పడుకోవడం, పురుళ్ళప్పుడు తప్ప నాకెప్పుడూ లేదే" అంది. కోడలు ఆవిడ డొక్కల మీద చేతులుంచింది. ఎముకలు సన్నగా, పిట్టవిలా తగిలాయి. ఇన్నేళ్ళు ఒకే వంటింట్లో తిరిగారు గానీ ఒకరి ఊపిరి ఒకరు వినలేదు. మర్నాటి నుంచి సాయంత్రం బస్సు దిగి ఆమె ఇల్లు చేరేసరికి మ్యాటు పరిచి ఉండేది. "సంతకం అక్కర్లేదా నాది?" అని అత్తగారే పుస్తకం లాక్కునేది. పెద్ద పెద్ద అక్షరాలతో, గీత దాటిపోయేలా పెట్టేది.

పరీక్ష ఆదివారం. బుధవారం నాడు భర్త షూ విప్పుతూ, "ఆదివారం మా మేనేజరు వాళ్ళు భోజనానికి వస్తున్నారు. ఐదుగురు. బాగా చెయ్యి" అన్నాడు.

"ఆదివారం నా పరీక్షండీ."

"పరీక్షంటే మళ్ళీ పెడతారు. మేనేజరు మళ్ళీ వస్తాడా?"

మామూలుగా అయితే ఆమె అక్కడే ఒక దారి వెతికేది. తెల్లవారకముందే లేచి అన్నీ వండేసి, గిన్నెల మీద మూతలు పెట్టి, ఏది ఎప్పుడు వేడిచెయ్యాలో కాగితం రాసి. ఆ కాగితం అప్పుడే కళ్ళ ముందు కనబడింది కూడా, తన దస్తూరీతో. ఆమె ఊపిరి పీల్చింది. పక్కలకీ, వీపు వైపుకీ. ఆ కాగితం ఎక్కడో నీళ్ళమీద దూరంగా తేలిపోయినట్టయింది.

"నేను పరీక్షకి వెళ్తున్నాను" అంది.

"మరి వంట?"

ఆమె ఆ ప్రశ్నని అతని దగ్గరే వదిలేసింది. కోపంతో కాదు. ఆ ప్రశ్న తనది కాదని మొదటిసారి తోచింది. అతను తల్లి వైపు తిరిగాడు.

"నా వంక చూడకు" అంది అత్తగారు. "నడుం వంచి బరువులెత్తొద్దని మా టీచరు చెప్పింది."

"ఏ టీచరు?"

ఆవిడ గడ్డంతో కోడలి వైపు చూపించింది. కూతురు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. అతను మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఇల్లు చాలా హాయిగా ఉంది.

పరీక్ష ఆ మేడ మీది గదిలోనే. గోడవార ముగ్గురు పరీక్షకులు, వాళ్ళ పక్కన టీచరు. మ్యాటు దగ్గర ఎవరో తెలియని మనిషి. గోడలకు రంగులు వేస్తాడట, గోళ్ళ చివర్లలో ఇంకా తెల్లరంగు ఉంది. కుడిభుజం ఎడమదానికన్నా వేలెడు ఎత్తులో ఉంది. ఏళ్ళ తరబడి ఆ చేత్తో పైకప్పులు అందుకుని ఉంటాడు. ఆమెకు అది చూడగానే అర్థమైంది. అయినా నోరు అలవాటు కొద్దీ, "కొంచెం…" అంది. ఆగింది.

"పడుకోండి."

అంత పెద్ద మనిషి, బూట్లు విప్పుకున్న చిన్నపిల్లాడిలా పడుకున్నాడు. ఆ తర్వాత గంట ఎలా గడిచిందో ఆమెకు తునకలు తునకలుగానే గుర్తుంది. కిటికీల వెలుతురు నేలమీద జరగడం. తన గొంతు ముందు వెళ్తుంటే ఆ ఒళ్ళు వెనకే రావడం. పీల్చండి అంటే డొక్కలు విచ్చుకోవడం, దించండి అంటే వెన్ను ఒక్కొక్క పూసగా నేలని తాకడం. తను మాట్లాడుతోందో, ఆ గదే మాట్లాడుతోందో తెలియని స్థితి. అతని కుడిభుజం, ఎవరూ తొయ్యకుండానే, మెల్లగా చెవికి దూరంగా జారింది.

ఇంకా ఐదు నిమిషాలుందనగా ఆమెకు గుర్తొచ్చింది. కుడికాలి వరస మొత్తం చేయించి, ఎడమకాలు మర్చిపోయింది. పరీక్షకుల కలాలు కదిలాయి, అంటే వాళ్ళూ చూశారు. నాలుక చివరదాకా ఆ పాత మాట వచ్చింది. మన్నించండి, నా తప్పే, నేనెప్పుడూ ఇంతే. దాన్ని మింగి, "ఎడమవైపు మర్చిపోయాను. ఇప్పుడు చేద్దాం. ఇటు తిరగండి" అంది. అతను తిరిగాడు. అంతే. కొంప మునగలేదు.

అరగంట తర్వాత పిలిచారు. పరీక్షకుల్లో పెద్దావిడ కాగితం చూస్తూ, "మర్చిపోయినందుకు మార్కులు తీశాం" అంది. "వెనక్కి వచ్చిన తీరుకి మళ్ళీ వేశాం. పాసయ్యారు."

మెట్ల దగ్గర టీచరు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "మంగళ, గురువారాలు పొద్దున ఆరింటి క్లాసుకి మనిషి లేరు. మీరు తీసుకుంటారా?"

ఆరు గంటలంటే ఇంట్లో పొయ్యి మీద పాలు, ఒకవైపు డబ్బాలు, ఒకవైపు ఇస్త్రీ, నా సాక్సులేవి, నా కళ్ళజోడేది.

"తీసుకుంటాను" అంది.

వీధిలోకి వచ్చాక ఫోను చూసుకుంది. భర్త చేసిన కాల్స్ మూడు. కూతురి దగ్గర్నుంచి ఒక సందేశం. "నాన్న కూర మాడ్చాడు. బయట నుంచి తెప్పించాం. మేనేజరు లొట్టలేసుకుంటూ తిన్నాడు. నానమ్మ ఆయన భార్యకి ఊపిరి పీల్చడం నేర్పుతోంది. నువ్వు పాసయ్యావా?"

ఆమె నవ్వుకుంటూ నడిచింది. ఎండ మెత్తగా ఉంది. కాళ్ళు నేలని తాకుతున్నాయా లేదా అన్నట్టుగా ఉన్నాయి. చెట్లూ, దుకాణాల తలుపులూ, పక్కనుంచి పోతున్న సైకిళ్ళూ అన్నీ ఒకే ఊపిరితో కదులుతున్నట్టున్నాయి. రెండు వీధులు దాటి, మూడో వీధి మలుపులో ఒక్కసారిగా ఆగిపోయింది, ఏదో మర్చిపోయి వచ్చినట్టు. సంచీ తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. అప్పుడు తెలిసింది తను వదిలేసి వచ్చిందేమిటో. 'ఇంట్లో అడిగి చెప్తానండీ' అన్న మాట.